రావులపాలెం సీటు మేస్త్రి దగ్గర డ్రైవరు సీటు చేయించాను

ముందే చెప్పేస్తానండి. సీటు కవరు కుట్టు డైమండా లైనింగా, రంగు టాన్ బాగుంటుందా నలుపు బాగుంటుందా అని చూసేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. నేను రాసేది కవరు కింద ఉండే సరుకు గురించి: సీటు వీపుని వాల్చి పట్టి ఉంచే పళ్ల చక్రం, అదే రిక్లైనరు, సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు, ఫోము. కిరాయి బళ్లకి ముందు పోయేవి అవే, జనం ఆఖర్న చూసేవీ అవే. డబ్బులు పైన తగలేసి లోపల తుప్పు అలాగే వదిలేసిన బళ్లు మన అమలాపురం స్టాండులో ఎన్ని చూపించమంటే అన్ని చూపిస్తాను.

షాపు రావులపాలెంలో, కొత్తపేట వెళ్లే రోడ్డు పక్కన. పేరు రాయడం లేదు, మేస్త్రి గారే వద్దన్నారు. "ఉన్న బళ్లకే చోటు లేదండి, మీరు ఇంకో నలుగుర్ని తోలకండి" అన్నారు. నేను తోలుతూనే ఉన్నాను, అది వేరే విషయం. అక్కడ ఏ ట్రావెల్స్ డ్రైవర్ని అడిగినా చూపిస్తాడు. గోడకి బస్సు సీట్ల ఇనప ఫ్రేములు ఆనించి ఉంటాయి, లోపల రెండు కుట్టుమిషన్లు, ఒక బల్ల, ఇనుము బిగించి పట్టే ఒక వైసు. అంతే షాపు.

సీట్ల గురించి ఇంత మాట్లాడ్డానికి నీకేం తెలుసు అంటారేమో. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత స్పేర్ పార్టుల యార్డులో నేను చాలా ఏళ్లు సీట్ల సెక్షను చూశాను. జపానులో వాడకం అయిపోయిన బళ్లని విప్పి ఇంజన్లు, గేర్‌బాక్సులు, సగానికి కోసిన బాడీలు కంటైనర్లకి ఎక్కిస్తారు. కంటైనరు అద్దె ఎలాగూ ఒకటే కాబట్టి అంగుళం ఖాళీ వదలరు, ఆ కోసిన బాడీల కడుపులో సీట్లు కుక్కేస్తారు. మేం దింపి, కడిగి, జతలు చూసి వరసగా పేర్చేవాళ్లం. జపానులో మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడివైపు. అందుకని ఆ సీట్లకి పాకిస్తాన్ వాళ్లు, కెన్యా, ఉగాండా, టాంజానియా వాళ్లు ఎగబడేవారు, వాళ్ల బళ్లూ కుడి స్టీరింగే.

మనదీ కుడి స్టీరింగే కదా, మనకెందుకు రావు అంటే, మన ప్రభుత్వం పాత సరుకు దిగుమతికి అడ్డం పెట్టింది. యంత్రాల్లాంటి క్యాపిటల్ గూడ్స్ మినహాయిస్తే, వాడేసిన వస్తువు ఏది తేవాలన్నా, ఎగుమతి దిగుమతులు చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ అనుమతి ఉండాలి. కాబట్టి ఎవడైనా "జపాన్ సీటండి, షార్జా మాలు" అని ఫోటో పెడితే ముందు కాగితాలు అడగండి. ఒకవేళ అది నిజంగానే గల్ఫు బండిలోది అయితే ఇంకో తలనొప్పి ఉంది. అక్కడ స్టీరింగు ఎడమవైపు. సీటు వాల్చే మీట మామూలుగా డోరు పక్కన ఉంటుంది, బెల్టు బకిలు లోపలివైపు ఉంటుంది. ఆ డ్రైవరు సీటు తెచ్చి మన డ్రైవరు వైపు బిగిస్తే మీట గేరు రాడ్డు పక్కకి, బకిలు డోరు పక్కకి వచ్చి కూర్చుంటాయి.

ఇక నా బండి. ఏడు సీట్ల డీజిలు బండి, కిలోమీటర్లు లక్షల్లో తిరిగింది. అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి గుళ్ల కిరాయిలు, మధురపూడి ఎయిర్‌పోర్టు కిరాయిలు, మధ్యమధ్యలో రొయ్యల చెరువుల వాళ్లు తడికాళ్లతో ఎక్కడం. డ్రైవరు సీటు వీపు ఎడమకి ఒరిగింది. స్పీడ్ బ్రేకరు ఎక్కితే టక్కుమని ఒక పన్ను వెనక్కి జారేది. నడుం పట్టేసింది. సర్వీసు సెంటరులో అడిగితే రిక్లైనరు విడిగా ఇవ్వమన్నారు, వీపు ఫ్రేము మొత్తం అసెంబ్లీ వేసుకోవాలట. వాళ్లు చెప్పిన రేటు, నేను ఆఖరికి ఇక్కడ పెట్టినదానికి మూడు రెట్ల పైమాటే.

దగ్గర్లోనే ఇంకోచోట అడిగితే, అరిగిన రిక్లైనరుకి "వెల్డింగు పెడితే ఇక కదలదు" అన్నాడు. కదలదు నిజమే. కానీ రిక్లైనరు లోపలి ఆ పళ్ల చక్రం గట్టిదనమంతా దాని ఉక్కుకి చేసిన వేడి ట్రీట్‌మెంటులో ఉంటుంది. దానిమీద వెల్డింగు మంట పడితే ఆ గట్టిదనం పోతుంది. వెనకనుంచి లారీ తగిలినప్పుడు మన బరువంతా పడేది సీటుకి చెరోపక్కన ఉండే ఆ రెండు చక్రాల మీదే. ఎవరైనా వెల్డింగు అంటే బండి తీసుకుని వచ్చేయండి.

రావులపాలెం మేస్త్రి గారు నేను చెప్పింది విన్నారు, ఊఁ కొట్టారు, ఏమీ అనలేదు. నాలుగు బోల్టులు విప్పి సీటు కిందకి దింపి, దాన్ని బోర్లా పడేశారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. షార్జాలో మేం చేసే మొదటి పని కూడా అదే. జపానులో మంచు పడే ఊళ్లలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ బళ్ల సీట్ల పైభాగం అద్దంలా ఉన్నా అడుగున పట్టాలు ఎర్రగా పొక్కి ఉంటాయి. ధర కట్టేది అడుగు చూసే. మన సముద్రం గాలికీ, చెరువు నీళ్లకీ నా సీటు అడుగున సరిగ్గా అదే రంగు.

"ఏవండీ, కవరు వేయమంటారా, సీటు బాగుచేయమంటారా? రెండూ వేరండి" అన్నారు.

"సీటే బాగుచేయండి మేస్త్రి గారూ, కవరు మీ ఇష్టం" అన్నాను.

"ఆయ్. అయితే బండి వదిలేసి వెళ్లండి."

పట్టాలు ముందు చేశారు. డీజిలుతో కడిగి, గోలీలు తీసి చూసి, గ్రీజు వేలితో పల్చగా రాశారు. దండిగా పెట్టమంటే నవ్వి, "ఎక్కువ పెడితే ఇసకని పిలిచి కూర్చోబెట్టినట్టేనండి" అన్నారు. తర్వాత సీటుని ముందుకీ వెనక్కీ జరిపి, రెండు పట్టాల లాకులూ ఒకేసారి పడుతున్నాయా లేదా అని సుద్దతో గీతలు పెట్టి చూశారు. ఒకవైపు పడి ఒకవైపు పడకపోతే సడన్ బ్రేకులో సీటు మెలిపడుతుంది. నావి రెండూ పడ్డాయి, మార్చాల్సిన పని రాలేదు. ఇంకోడైతే కొత్తవి వేసి డబ్బులు లాగేవాడే.

రిక్లైనరు దగ్గరే అసలు కథంతా. బయటికి గుండ్రటి బిళ్లలా కనిపిస్తుంది, లోపల లోపలివైపు పళ్లున్న చక్రం, దాన్ని పట్టుకునే పంటి ముక్కలు ఉంటాయి. ఫ్యాక్టరీలో అంచు నొక్కి మూసేస్తారు కాబట్టి విప్పి రిపేరు చేసేది ఉండదు. మేస్త్రి గారు నా పాతదాన్ని వైసులో బిగించి, వీపు ఫ్రేము ముక్కని చేత్తో ఊపి చూపించారు. కుడివైపుది గట్టిగానే ఉంది. ఎడమవైపుది కటకటలాడింది. సీటు ఒరిగింది అందుకే. రెండు బిళ్లల్నీ కలిపే రాడ్డు ఒకటుంటుంది, ఒకవైపు అరిగితే వీపంతా మెలితిరుగుతుంది. ఒకటే మార్చమని నేను బేరం పెట్టాను, ఒప్పుకోలేదు, జతే వేస్తానన్నారు. ఆయనదే కరెక్టు. యార్డులో మేమూ విడిగా అమ్మేవాళ్లం కాదు.

కొత్త జత ఢిల్లీ కశ్మీరీ గేట్ హోల్‌సేలు నుంచి ట్రాన్స్‌పోర్టు పార్సిల్లో వచ్చింది. డబ్బా మీద తయారీదారు పేరు లేదు, మేడ్ ఇన్ చైనా అని మాత్రం ఉంది. చాలామందికి ఇది చూడగానే మొహం మాడుతుంది. నా అనుభవంలో చైనా సరుకులో మూడు నాలుగు తరగతులుంటాయి, దేశం పేరు చూసి తోసెయ్యకూడదు. చూడాల్సింది బిళ్ల అంచు నొక్కు చుట్టూ ఒకేలా ఉందా, గడియారం స్ప్రింగు లాంటి ఆ చుట్ట స్ప్రింగు బిగువుగా ఉందా, ఎడమ కుడి గుర్తులు ఇనుము మీద కొట్టారా లేక స్టిక్కరు అంటించారా అని. మేస్త్రి గారి పరీక్ష ఇంకా సులువు. ఫ్రేముకి బిగించి, ఫోము లేకుండా ఒట్టి ఇనుము మీద తనే కూర్చుని, మీట ఎత్తుతూ ఒక్కో పన్నుకీ వెనక్కి తోసి చెవి పెట్టి విన్నారు. వచ్చిన మొదటి జతలో ఒక పన్ను దగ్గర రెండు చప్పుళ్లు వచ్చాయి. వాపసు పంపేశారు. దాంతో పని ఆలస్యమైంది, నేను కిరాయిలు పోగొట్టుకుని అప్పుడు విసుక్కున్నాను కూడా. ఇప్పుడు మాత్రం ఆ ఆలస్యానికే నేను మార్కులేస్తాను.

ఇక్కడ ప్రభుత్వానికి కట్టే పన్నుల గురించి ఒక చిన్న ముచ్చట. కస్టమ్స్ వాళ్ల లెక్కలో కారు సీటు కారు భాగం కాదండోయ్, ఫర్నిచరు. సరుకుల్ని రకాలుగా విడదీయడానికి ప్రపంచమంతా వాడే హెచ్ఎస్ కోడ్లలో 94వ చాప్టరు: కుర్చీలు, పరుపులు, దీపాల బుడ్లు, వాటి పక్కనే మన బండి సీటు, 9401. మన దేశంలో కారు సీట్ల మీద జీఎస్టీ 18 శాతం ఉండేది, మోటారుసైకిలు సీటుతో సమానం చెయ్యాలని 2024 అక్టోబరు 10 నుంచి 28 చేశారు. మళ్లీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దింపారు. మీ దగ్గర మధ్యలో తీసుకున్న పాత కొటేషను ఏదైనా ఉంటే మళ్లీ అడగండి. పాత రేటే చెప్తూ కూర్చునేవాళ్లు ఉన్నారు.

ఫోము విషయానికి వస్తే, షాపులో ప్లాస్టిక్ కాటా ఒకటుంది, వంటింట్లో వాడేది. ఫోము షీటు వచ్చిన రోజే అడుగు పొడవు, అడుగు వెడల్పు, నాలుగంగుళాల మందం ముక్క కోసి దానిమీద పెడతారు. నిజంగా 40 డెన్సిటీ, అంటే ఘనపు మీటరుకి 40 కిలోలు, అయితే 378 గ్రాముల దగ్గర తూగాలి. 32 అయితే 300 దగ్గరే ఆగిపోతుంది. లెక్క మేస్త్రి గారి అబ్బాయి వేసి గోడ మీద బొగ్గుతో రాశాడు, నేను ఫోనులో మళ్లీ వేసి చూశాను, సరిపోయింది. ఈ కాటాని కూడా మోసం చేసేవాళ్లున్నారు. ఫోములో సుద్దపొడి కలిపితే బరువు తూగుతుంది, పట్టు ఉండదు. అందుకని ఆ ముక్కని నలిపి నల్లగుడ్డ మీద దులుపుతారు. తెల్లగా రాలిందా, సరుకు వెనక్కే.

ఫోము ధర మన ఊళ్లో తేలేది కాదు. పాలియాల్, టీడీఐ అనే రెండు రసాయనాలు కలిస్తే ఫోము పొంగుతుంది. టీడీఐ మన దేశంలో చేసేది గుజరాత్‌లో జీఎన్ఎఫ్‌సీ అనే కంపెనీ ఒక్కటే, మిగతాది ఓడల మీద రావాలి. 2025 జూలైలో జర్మనీలో డోర్మాగెన్ దగ్గర ఒక సబ్‌స్టేషను తగలబడి, అక్కడి పెద్ద టీడీఐ ప్లాంటు ఆగిపోయింది. ప్రపంచ మార్కెట్టులో టీడీఐ ధర ఒక్కసారిగా ఎగిరింది. ఆ రోజుల్లో ఫోము రేటు ఎందుకు పెంచావని మేస్త్రి గారితో ఒక లారీ ఓనరు గొడవపడ్డాడట. "జర్మనీలో కరెంటు పోతే నా మీద అరుస్తారేంటండీ" అన్నారట ఈయన.

ఫోము కింద మాత్రం ఆయన వేసింది చూసి నాకు ముచ్చటేసింది. స్ప్రింగుల మీద గోనెపట్టా, దానిమీద రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు షీటు, ఆపైన ఫోము. పీచుని తాడులా మెలిపెట్టి, ఆ మెలిక విప్పితే ఉంగరాలు తిరుగుతుంది. దానిమీద రబ్బరు పాలు చల్లి, వేడిలో ఉడికించి షీటు చేస్తారు. స్ప్రింగు నేరుగా ఫోముని కోసెయ్యకుండా ఇది అడ్డం ఉంటుంది, పైగా గాలి ఆడుతుంది. మే నెలలో రాజమండ్రి బ్రిడ్జి మీద ట్రాఫిక్కులో ఇరుక్కున్నవాళ్లకి గాలాడే సీటు విలువ నేను చెప్పక్కర్లేదు. ఇది పాత మొరటు పద్ధతి అనుకోకండి. వెనకటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్ల సీట్లలోనూ కొబ్బరిపీచు మెత్తలుండేవి.

ఇందులో నాకు అర్థంకాని సంగతొకటుంది. అంబాజీపేట చుట్టుపక్కల ఎటు వెళ్లినా పీచు తీసే మిల్లులే, బేళ్లు కట్టి చైనాకి పంపుతారు, అక్కడ పరుపుల్లో వేసుకుంటారు. మేస్త్రి గారు వాడే రబ్బరు పీచు షీటేమో కేరళ నుంచి వస్తుంది. కోనసీమ పీచు ఓడెక్కి వెళ్లిపోతుంటే, కోనసీమ బండి సీటుకి కేరళ షీటు! కొబ్బరి డొక్క రేటుకి అమ్ముకుని సంబరపడే మన మిల్లుల వాళ్లలో ఒక్కరైనా షీటు దాకా వెళ్తే, కనీసం ఈ షాపు ఒక్కటి ఖాయంగా కొంటుంది, నేను అడిగాను.

మా బావమరిది కొత్త కారు తీసుకుని, నన్ను చూసి వాడూ వచ్చాడు, టైటు కవర్లు కుట్టించుకుందామని. మేస్త్రి గారు డోరు తీసి సీటు పక్కన చిన్న గుడ్డ ట్యాగు చూపించారు. ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని ఉంది. వీపు పక్క అంచులోనే బ్యాగు ఉంటుంది, అది కుట్టు చించుకుని బయటికి రావాలి. దానిమీద మందం రెక్సిను బిగించి గట్టి దారంతో కుడితే గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోవడానికి అడ్డం పడుతుంది. "పక్కలు చిరిగేలా కుట్టిన కంపెనీ కవరు తెచ్చుకోండి బాబూ, నేను కుట్టను" అన్నారు. వాడు చాలా చెప్పి చూశాడు, డబ్బులు ఎక్కువిస్తానన్నాడు. కుట్టలేదు. మీ బండిలో ఆ ట్యాగు ఉంటే, ఏ షాపుకి వెళ్లినా ముందు అది చూపించి అప్పుడు మాట్లాడండి.

ఇక కవరు గురించి ఒక్క మాట. నల్ల రెక్సిను, మధ్యలో చిల్లుల గుడ్డ, మామూలుగా ఉంది. ఎడమ భుజం దగ్గర కుట్టు లైను ఒక దారం వంకర పోయింది. చెప్తే చూశారు, "కూర్చుంటే కనపడదండి" అన్నారు. అదీ నిజమే. ఫినిషింగులో భీమవరం షాపులు ఈయన్ని మించిపోతాయి.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. ఫోను ఎత్తరు, ఎత్తినా "రేపు రండి" తప్ప మాటుండదు. బండి పెట్టుకోవడానికి నీడ లేదు. అతికించే సొల్యూషను వాసన కొన్నాళ్ల దాకా బండిలో ఉంటుంది, చంటిపిల్లలున్న వాళ్లు అద్దాలు దింపి ఎండలో పెట్టుకోండి. హెడ్‌రెస్టు గొట్టం వదులుగానే ఉంది, దానికి ప్లాస్టిక్ బుష్ దొరకలేదన్నారు, తెప్పిస్తానన్నారు, ఇంకా రాలేదు. మోటారుతో జరిగే సీట్లు, వేడి చేసే సీట్లు ఆయన ముట్టుకోరు. అలాంటివి ఉంటే విజయవాడ ఆటోనగర్ పోవడమే మేలు.

ఖర్చు 9,800 అయింది. రిక్లైనరు జత 3,200, ఫోము పీచుషీటు కలిపి 1,900, కవరు 2,600, పట్టాల పనీ మజూరీ 2,100. చీటీ మీద ఇలా విడివిడిగా రాసిచ్చారు, పాత సామాను కూడా సంచిలో వేసి చేతికిచ్చారు. మజూరీ కొంచెం ఎక్కువ అనిపించింది, బేరమాడాను, వంద కూడా తగ్గలేదు.

కార్తీకమాసం కిరాయిలన్నీ ఆ సీటు మీదే లాగాను, అన్నవరం పోయిరావడాలతో సహా. టక్కుమనడం లేదు, ఒరగడం లేదు, నడుంపట్టు బాగా తగ్గింది. ఫోము మధ్యలో కాస్త దిగింది, కొత్తల్లో అంతమాత్రం దిగుతుంది. ఇప్పుడు మధ్య వరస సీట్లు కూడా ఆయనకే ఇస్తున్నాను. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే బళ్లతో ఆ షాపు నిండిపోతుంది, ఇద్దామనుకునేవాళ్లు పండగ వెళ్లాక పొద్దున్నే వెళ్లండి. పదకొండు దాటితే ఆయన బస్సు సీట్ల పనిలో పడిపోయి తలెత్తరు.